తలుపులు తెరిచి చేసిన కుట్ర

మొన్న నూజివీడు బస్టాండులో ఎవరిదో రసాల బుట్ట పక్కన కూర్చుంటే, మామిడి సొన వాసన ఘాటుగా తగిలింది. శాంతకుమారి మేడం గుర్తొచ్చారు. ఎనభైల చివర్లో ఆవిడ కంప్యూటర్ సెంటరు మామిడికాయల షెడ్డును ఆనుకునే ఉండేది. కాలేజీలో లెక్కలు చెప్పే ఉద్యోగం మానేసి దాన్ని పెట్టారు. డిగ్రీ పూర్తిచేసి ఖాళీగా ఉన్న నన్ను పనిలోకి తీసుకుని, పక్కన కూర్చోబెట్టుకుని ప్రోగ్రాం రాయడం నేర్పారు.

మామిడి వ్యాపారులు కొందరు పట్నం కంపెనీ దగ్గర లెక్కల ప్రోగ్రాం కొన్నారు. కంపెనీ ఇచ్చిన ఫ్లాపీ పెడితేనే అది నడిచేది. ఆ వేసవి ఎండలకు ఫ్లాపీలు పాడయ్యాయి. వేరేవి పంపమంటే కంపెనీ పలకలేదు. సీజను మధ్యలో పని ఆగిపోయింది. ఫ్లాపీతో పనిలేకుండా నడిచేలా మేడం ఒక చిన్న ప్రోగ్రాం రాశారు. నేను ముసునూరు, రెడ్డిగూడెం తిరిగి అడిగినవాళ్లకు ఎక్కించి వచ్చాను. అసలు కొననివాళ్లూ దాన్ని వాడుకున్నారని తర్వాత తెలిసింది.

కొన్నాళ్లకు, కంపెనీ ఫిర్యాదు మీద పోలీసు జీపు వచ్చింది. ఇద్దరి మీదా కాపీరైటు చట్టంతోపాటు నేరపూరిత కుట్ర సెక్షను పెట్టారు.

స్టేషన్లో ఎస్సై నన్ను పక్కకు పిలిచాడు. “నాకేం తెలీదు, ఆవిడ చెప్పింది చేశానని సంతకం పెట్టమ్మా. నిన్ను సాక్షిగా చూపిస్తాం.”

మేడం విన్నారు. “పెట్టెయ్ పద్మా. బ్యాంకు ఇంటర్వ్యూకి వెళ్లొచ్చావు, కేసుంటే ఉద్యోగం రాదు. నేనేం అనుకోను.”

“మీరేం చెప్పారండీ?”

“నేనే రాశానన్నాను. తలుపులు తెరిచిపెట్టి చేసినదాన్ని కుట్ర ఎలా అంటారండీ అన్నాను. నవ్వాడు.”

నాకేం తెలియదని రాస్తే ఆవిడ నేర్పిందంతా లేనట్టే అవుతుంది. సంతకం పెట్టలేకపోయాను.

తర్వాత ఏళ్ల తరబడి వాయిదాలు. పొద్దున్నే బస్సెక్కడం, జడ్జిగారు సెలవంటే తిరిగి రావడం. బ్యాంకు ఉద్యోగం రాలేదు. చివరికి ఆ కంపెనీయే మూతపడింది, సాక్షులు రాలేదు, కేసు కొట్టేశారు.

“గెలిచామండీ,” అన్నాను మెట్లు దిగుతూ.

“ఓడిపోలేదమ్మా, అంతే. పద, బస్సు పోతుంది.”

పోలీసులు అప్పట్లో పట్టుకెళ్లి ఇప్పుడు తిరిగిచ్చిన కంప్యూటర్లో ఎలుకలు కాపురం పెట్టాయి. ఆవిడ సెంటరు మళ్లీ తెరవలేదు. పోయేదాకా ఇంట్లోనే పిల్లలకు లెక్కలు చెప్పుకున్నారు. ప్రోగ్రాముల ఊసెత్తితే మాట మార్చేవారు.

నేను మాత్రం ఎలాగో ఆ పనిలోనే బతికాను. అప్పుడు మేం చేసింది తప్పో కాదో ఇప్పటికీ తేల్చుకోలేను, ఆలోచించే ఓపికా తగ్గింది. కానీ నా చేత్తో చేసినదాన్ని నాకు తెలియదని ఇంతవరకు ఎక్కడా అనలేదు.