థెరెమిన్ పక్కన నేను నిలబడ్డ చోటు

షార్జాలో ఒక ఉగాది సభలో మా పక్క ఫ్లాట్ అక్క వాయిస్తూ శ్రుతి తప్పిందని విన్నవాళ్ళంతా అనుకున్నారు. ఆమె తప్పలేదు. అది నా వల్ల జరిగింది. ఆ సంగతి నాకు స్టేజీ మీదే తెలుసు. చెప్పలేదు.

2020లో అందరం ఇళ్ళలో చిక్కుకుపోయిన రోజుల నుంచి మొదలుపెట్టాలి. షార్జాలో మేముండే రోలా పేట వీధులు అంత నిశ్శబ్దంగా ఉండగా నేనెన్నడూ చూడలేదు. కింద బస్సుల మోత ఆగిపోయి, పై అంతస్తులో కుక్కర్ కూతలు కూడా లెక్కపెట్టేలా వినిపించేవి. నేను కరెంటు ప్యానెళ్ళు తయారుచేసే కంపెనీలో ఇంజనీరుని. అన్నం తినే బల్ల మీదే డ్రాయింగులు చూసుకునేవాణ్ని. ఒకరోజు మా అమ్మాయి కీబోర్డు మూగబోతే విప్పాను. బాగుచేయలేకపోయాను గానీ, ఇలాంటివి మొదట ఎలా పుట్టాయో చదవడం మొదలుపెట్టాను.

చదివేకొద్దీ ఆశ్చర్యమే. వందేళ్ళకు ముందే అమెరికాలో ఒకాయన రైలు పెట్టెల్లో తరలించాల్సినంత పెద్ద యంత్రం కట్టి, టెలిఫోన్ తీగల మీద సంగీతం పంపాడు. ఫోన్లో మాట్లాడుకునేవాళ్ళ మధ్యలోకి పాట దూరి వాళ్ళు తిట్టుకున్నారట. తర్వాత రష్యాలో ఒక శాస్త్రవేత్త వాయువుల గుణాలు కొలిచే పరికరం మీద పనిచేస్తుంటే, చెయ్యి దగ్గరికి వచ్చినప్పుడల్లా దాని కూత మారింది. ఆయనకు సంగీతం కూడా వచ్చు కాబట్టి ఆ కూతలోనే పాట వాయించాడు. మన కచేరీల్లో తంబూరా పక్కన చేరిన ఎలక్ట్రానిక్ శ్రుతి పెట్టె కూడా ఆ వంశంలోదే కదా అనిపించి, అవన్నీ మా ఇంటి చుట్టాల్లాగా తోచాయి.

ఆ రష్యన్ వాద్యం పేరు థెరెమిన్. విడిభాగాలు తెప్పించి నేనే ఒకటి కట్టాను. ఒక పెట్టె, దాని మీద నిలువుగా కడ్డీ, పక్కన వంకీ తిరిగిన తీగ. దేన్నీ ముట్టుకోకూడదు. కుడి చెయ్యి కడ్డీకి దగ్గరైతే స్వరం పైకి పోతుంది, దూరమైతే దిగుతుంది. ఎడమ చెయ్యి తీగ మీద ఆడిస్తే శబ్దం పెరుగుతుంది, తగ్గుతుంది. చెప్పడానికి అంతే. నేను వాయిస్తే అది ఏడ్చేది.

ఒక సాయంత్రం తలుపు చప్పుడైంది. తీస్తే పక్క ఫ్లాట్ అక్క, మాస్కు పెట్టుకుని, దూరంగా నిలబడి.

"తమ్ముడూ, మీ ఇంట్లో పిల్లి ఈనుతోందా ఏవిటి?"

"పిల్లి కాదక్కా, వాద్యం."

"వాద్యమా? మరి దాన్నెవరు కొడుతున్నారు పాపం?"

లోపలి నుంచి మా ఆవిడ అందుకుంది. "ఆయనే అక్కా. పొద్దటిసంది ఇదే లొల్లి."

అక్కది రాజమండ్రి. తన హాల్లో చాప వేసి తెలుగు పిల్లలకు వయొలిన్ నేర్పేది. ఆమె భర్తకు ఓడల సరుకు చూసే కంపెనీలో ఉద్యోగం. ఆంక్షలు సడలాక ఆమె మా ఇంటికి వచ్చి ఆ పెట్టె ముందు నిలబడింది. వయొలిన్ మీద మెట్లుండవు, వేలు ఎక్కడ పెట్టాలో చెవే చెప్పాలి. ఆ చెవితోనే ఆమె గాలిలో స్వరాలు వెతికింది. కొన్ని వారాలకు మా హాల్లో మోహనం వినిపించింది. పిల్లి ఏడ్పు పోయి, ఎవరో పెదాలు మూసుకుని పాడుతున్నట్టుంది.

నాకు మాత్రం అక్కడ చోటు లేదు. "నువ్వలా ఫ్రిజ్ దగ్గరికి పో తమ్ముడూ. నువ్వు కదిలితే నా గాంధారం కదులుతోంది" అనేది. నిజమే. ఆ పెట్టెకు వాయించేవాళ్ళ చెయ్యీ, పక్కన నిలబడ్డవాళ్ళ ఒళ్ళూ ఒకటే. ఎవరు దగ్గరికొచ్చినా స్వరం జారుతుంది. ఆమె వాయిస్తుంటే మా అమ్మాయి మంచినీళ్ళకు కూడా లేచేది కాదు.

ఆఫీసులో రోజుకొకరిని పంపించేస్తున్నారు. ఊరి నుంచి ఫోన్ మోగితే ఎత్తడానికి భయం. ఆ రోజుల్లో సాయంత్రం ఒక గంట భయం లేకుండా గడిచిందంటే అది ఆమె పెట్టిన భిక్ష. "ఇది రిషభమా, గాంధారమా? తొందరపడకు, విను" అని ఓపిగ్గా అడిగేది. అంతవరకూ నాకు పాటంటే గట్టిగా ఉందా, మెల్లగా ఉందా అన్నదే తెలుసు. ఇవాళ లిఫ్టు మోగినా అది ఏ స్వరం మీద నిలబడిందో తెలుస్తుంది. ఆ చెవి ఆమె ఇచ్చిందే.

ఆంక్షలన్నీ పోయాక ఉగాది సభలో ఈ వాద్యాల చరిత్ర చెప్పమని నన్ను పిలిచారు. చివర్లో అక్క వాయించాలి, నేను కర్టెన్ పక్కకు తప్పుకోవాలి. అలాగే అనుకున్నాం. నా ఉపన్యాసానికి చప్పట్లు బాగా పడ్డాయి. అక్క మోహనం అందుకుంది. హాలు నిశ్శబ్దమైంది.

మన సభల్లో స్టేజీ మీద ఎవరేం చేస్తున్నా పక్కన నిలబడి ఫోటో దిగడం ఆనవాయితీ. ముందు వరుసలో ఫోన్లు లేచాయి. "అన్నా, ఫ్రేమ్‌లోకి రా! యల్లా, యల్లా!" అన్నారు మా ఆఫీసువాళ్ళు. నేను వెళ్ళి పెట్టె పక్కనే నిలబడ్డాను. స్వరం జారింది. ఆమె చెయ్యి వెనక్కి తీసి సర్దుకుంది. నేను ఫోటో కోసం కడ్డీ వైపు వేలు చూపించాను. మళ్ళీ జారింది.

"ఇది మోహనమా, అంబులెన్సా?" వెనక నుంచి ఎవరో అన్నారు. హాలంతా నవ్వింది.

అక్క ఒకసారి నా కాళ్ళ వైపు చూసింది, తర్వాత నా ముఖంలోకి. నాకు అర్థమైంది. వెనక్కి జరిగి, తప్పు నాదని ఒక్క మాట అంటే సరిపోయేది. కానీ అంతసేపు పండితుడిలా మాట్లాడినవాణ్ని. మైకు తీసుకుని, "కొత్త వాద్యం కదండీ, అక్కకు ఇంకా చెయ్యి కుదరలేదు" అన్నాను. ఆమె చేతులు దించి, దణ్ణం పెట్టి దిగిపోయింది.

ఆ వీడియో గ్రూపుల్లో తిరిగింది. శ్రుతే నిలవనిది పిల్లలకేం నేర్పుతుందని కొందరు తల్లులు ఆన్‌లైన్ క్లాసులకు మారిపోయారు. అక్క హాల్లో చాప క్రమంగా ఖాళీ అయింది. తర్వాత వాళ్ళాయనకు ఫుజైరాకు బదిలీ అయింది. వెళ్ళేరోజు కూడా మాకు గోంగూర పచ్చడి ఇచ్చి, "చెవి పాడుచేసుకోకు తమ్ముడూ" అంది.

ఈమధ్య మా ఆవిడ ఫోన్ పెట్టేసి అంది. "అక్కడెవరో తల్లి వయొలిన్ నేర్పమని అడిగితే, నాకు రాదమ్మా అన్నదట అక్క."

ఆ మాట విన్నాక ఊరుకోలేకపోయాను. శనివారం ఫుజైరా వెళ్ళి, ఆమె ఇచ్చిన కాఫీ చేతిలో పట్టుకునే అంతా చెప్పాను.

"నాకు తెలియని సంగతి చెప్తున్నావా? నీ కాళ్ళు నేను చూళ్ళేదూ?"

"మరి అప్పుడే ఎందుకు అనలేదక్కా?"

"నేనంటే సాకు చెప్తోందనేవాళ్ళు. అనాల్సింది నువ్వు." నా చేతిలో కప్పు అందుకుంటూ, "నవ్వింది ఈ గోడలు కాదుగా తమ్ముడూ" అంది.

ఈ ఏడు ఉగాదికి అదే హాల్లో కాసేపు సమయం అడిగాను. అక్క, వాళ్ళాయన వచ్చి వెనక వరుసలో కూర్చున్నారు. పెట్టె పెట్టి, చెయ్యి కదపకుండా ఒకే స్వరం నిలిపాను. "యల్లా" అన్నవాళ్ళలో ఒకణ్ని పైకి పిలిచాను. వాడు నవ్వుతూ దగ్గరికొచ్చాడు. నా చెయ్యి కదల్లేదు, స్వరం జారింది. వాడి నవ్వు ఆగిపోయింది. పెట్టె ఆపి మైకు తీసుకున్నాను.

"ఆ రోజు అక్క పక్కన ఇలా వచ్చి నిలబడింది నేను. శ్రుతి చెడగొట్టింది నేను. తెలిసి కూడా మీ అందరి ముందు ఆ తప్పు ఆమె మీద వేశాను. నాకు వినడం నేర్పిన మనిషిని చూసి మీరు నవ్వుతుంటే ఊరుకున్నాను. అక్కా, తప్పు నాది. నన్ను క్షమించండి."