కుడికంట్లో వెలిసిన ఎరుపు

మొదట నేను తప్పు పట్టింది రంగులాయన్ని. ధర్మవరంలో మా ఇంటి మగ్గానికి, ఒక పెండ్లి చీర అంచు కోసమని ఎర్ర పట్టు అద్దించి తెచ్చినాము. నాకది ఎరుపు మాదిరే కనపడల్యా, నాలుగు ఉతుకులు ఉతికినట్ల వెలిసిపోయిండాది. "ఏం రంగిది, మోసం చేసినాడు సూడు" అంటే మా ఆయన పోయి రంగులాయనతో కొట్లాడినాడు. ఆయన పట్టును ఎండలోకి తెచ్చి నలుగురికీ చూపించినాడంట. అందురికీ ఎర్రగానే ఉండాది. మా ఆయన తల దించుకొని ఇంటికొచ్చినాడు. ఆ పొద్దు నుంచి నా మాటకు విలువ లేకపాయ.

ఒక కన్ను మూసి ఒక కంటితో చూసుకుంటే తెలిసింది, వెలిసింది పట్టు కాదు, నా కుడికంటి చూపు. కన్ను పక్కకు తిప్పితే వెనకాల ఒకటే పోట్లు. రోజురోజుకూ మసక ఎక్కువైతాంది. చెప్తే మా అత్త, "పెండ్లి చీర నెత్తి మీద ఉంటే ఇప్పుడే వచ్చిందా కన్నునొప్పి? మగ్గం కాడ కూర్చోకుండా సాకులు" అనింది. "కన్ను ఎర్రబడల్యా, నీళ్లు కారల్యా, యాడుంది నొప్పి?" అని మా ఆయన. థూ! కన్ను నాది, నొప్పి నాది, ఉండాదో లేదో చెప్పేది వాళ్లు. అంగట్లో కండ్లద్దాలు కొనిచ్చి పని చూసుకోమన్నారు.

సంగతి తెలిసి పెనుకొండ నుంచి మా నాయన వచ్చినాడు. ఎవురినీ అడక్కుండా నన్ను రైలెక్కించి హిందూపురం పిల్చుకొని పోయినాడు. ఆడ కంటి డాక్టరమ్మ రెండు కండ్లల్లోకీ టార్చి మార్చి మార్చి కొట్టి, మందు సీసా ఎర్ర మూత చూపించి, ఏ కంటికి ఎట్లుండాదని అడిగింది. నేను చెప్పింది చెప్పినట్ల నమ్మింది. నాకు ఏడుపొచ్చింది. కంటి నరం వాచిందేమో చూడాల, ఎమ్మారై తీయించమనింది.

మెట్టెలు, ముక్కుపుడక, తాళి అన్నీ తీసిస్తే నాయన టవల్లో మూట కట్టుకున్నాడు. ఆ గొట్టంలో, దడదడ మోతలో, కదలకుండా పండుకొని, దేవుడా, ఏమన్నా కనపడనీ అనుకుంటాండా. నరం బాగుండాలని మొక్కుకోవాల్సినదాన్ని, వాచిండాలని మొక్కుకుంటి. నన్ను ఆ గతికి తెచ్చినారు.

కనపడింది. సూదిమందు ఎక్కించి తీసిన ఫిల్ములో, కంటి వెనకాల నరం ఒకపక్క తెల్లగా మెరుస్తాంది. "వాపు కంట్లో కాదమ్మా, కంటి నరంలో. ఇంకా ముందే వచ్చింటే బాగుండు" అనింది డాక్టరమ్మ. స్టెరాయిడ్ ఎక్కించినారు. నొప్పి పోయింది, చూపు కొంచెం తిరిగొచ్చింది. ఎరుపు మాత్రం రాలేదు.

ఇంటికొచ్చినాక మా అత్త ఆ ఫిల్మును వాకిట్లో ఎండకు ఎత్తి పట్టుకొని, వచ్చినోళ్లకంతా చూపించి, "పాపం, మా కోడలికి నరం వాచింది సూడండి" అని కండ్లు తుడుచుకునేది. నేను నోరు నొప్పి పుట్టేదాకా చెప్పింది అదే కదా!

ఇప్పుడు ఎర్ర అంచులు మా ఆయనే నేస్తాడు. మొన్న మా అత్త మోకాళ్లు పట్టుకొని గడప మీద కూలబడింది. "లేవలేకపోతాండానంటే నా కొడుకు నమ్మడమ్మా. అంతా నటన అంటాడు. నువ్వన్నా నమ్ము" అని ఏడ్చింది.

నేను ఎడమకన్ను మూసి, కుడికంటితోనే ఆమె మొహం చూస్తి. నుదుటి మీద కుంకుమ మట్టిరంగులో ఉండాది.

"ఫిల్ము ఉండాదా అత్తా?" అంటి.