మూడో వాల్వు ఇప్పండి

మంగళవారం పదకొండుంబావుకి కంపెనీ వాట్సాప్ గ్రూపులో ఒక వాయిస్ మెసేజ్ వచ్చింది. పెట్టింది యజమాని అమరేశ్వరరావు. కారులో వెళుతూ మాట్లాడినట్టుంది, వెనకాల లారీ హారన్లు. "రాజుపాలెం హాస్టల్లో ఉన్నోళ్ళు, మూడో వాల్వు ఇప్పండి. మధ్యాహ్నం భోజనాలకల్లా వంటగదికి ఆవిరి అందాల." అంతే.

నరసరావుపేట ఆఫీసులో కూర్చున్న ప్రేమకుమారి కూడా అది విన్నది. తనకు సంబంధించిన మాట కాదు కాబట్టి ఫోను పక్కన పెట్టేసి పీఎఫ్ కాగితాల్లో పడింది. పావుగంటకి సుధీర్ బాబు ఫోను చేశాడు. రాజుపాలెంలో బాయిలరు చూసుకునేది అతనే.

"అక్కా, ఖాజా భాయ్ మీద ఆవిరి కొట్టింది. కుడిచెయ్యి, ఛాతీ... తోలు లేసిపోయిందక్కా. ఆటోలో తీసుకొస్తన్నాం."

"తెలివిలో ఉన్నాడా?"

"ఉన్నాడు. నన్ను తిడతన్నాడు. తిడతా ఉంటేనే ధైర్యంగా ఉంది." ఆటో ఏదో గుంతలో పడి లేచిన చప్పుడు. "వాల్వు తిప్పింది నేనే అక్కా."

ప్రేమకుమారిది ఎండలకి పేరుపడ్డ రెంటచింతల. కాన్వెంటులో పదోతరగతి, గుంటూరులో టైపు, పెళ్ళయ్యాక పేటలో కాపురం. భర్త చర్చి స్కూల్లో గుమాస్తా. అమరేశ్వరరావు కంపెనీ ఆస్పత్రులకీ హోటళ్ళకీ హాస్టళ్ళకీ వేడినీళ్ళ లైన్లు, ఆవిరి లైన్లు, కుళాయి పైపులు వేస్తుంది. అందులో ఆమె చేరి పద్నాలుగేళ్ళు. నలభై రెండు మంది పనివాళ్ళ హాజరు, పీఎఫ్, ఈఎస్ఐ అన్నీ ఆమె చేతి మీదుగానే నడుస్తాయి. ప్రతి నెలా మొదటి శనివారం ఒక తెల్లకాగితం మీద కంపెనీ కబుర్లు రాసి గోడకి అంటిస్తుంది. ఎవరికి బిడ్డ పుట్టింది, ఆ బిడ్డ పేరు ఈఎస్ఐ కార్డులో ఎక్కించుకోవాలంటే ఏం తేవాలి, కొత్త బూట్లు ఎవరికి రాలేదు. ఆ కాగితం ముందు గుమిగూడి చదువుతారు. చదవడం రాని వాళ్ళకి ఖాజా మొహిద్దీన్ చదివి పెడతాడు, తన సొంత కబుర్లు కొన్ని కలిపి.

ఖాజాకి యాభై రెండేళ్ళు, ఇరవై ఆరేళ్ళుగా ఈ కంపెనీలో పైపుల పనే. ఎండాకాలం ప్రేమకుమారి ఆఫీసులోకి రాగానే మొదలుపెట్టేవాడు. "మీ రెంటచింతల్లో బాయిలరెందుకమ్మా, బిందె బయట పెడితే కాఫీ కాగుద్ది."

"నీ నోరు పెడితే ఇంకా తొందరగా కాగుద్దిలే అన్నా," అనేది ఆమె.

కబుర్ల కాగితం పక్కనే నల్లబోర్డు ఉంది. ప్రమాదం లేకుండా గడిచిన రోజులు ఎన్నో దాని మీద రోజూ పొద్దున సుద్దముక్కతో మార్చడం కూడా ఆమె పనే. ఆ మంగళవారం అది 341. ఇంకో ఇరవై నాలుగు రోజులు గడిస్తే సంవత్సరం. గుంటూరు దగ్గర కడుతున్న ఒక పెద్ద ఆస్పత్రి పైపుల టెండరుకి సంవత్సరంపాటు ప్రమాదాలు లేని కంపెనీ అయివుండాలన్న షరతు ఉంది. అందుకే పుట్టింది ఆ బోర్డు. ఇలాంటి బోర్డులు ప్రమాదాల్ని ఆపవు, ప్రమాదం జరిగినవాడి నోరు మూయిస్తాయి. దీన్ని ఇంతకన్నా మర్యాదగా చెప్పడం కుదరదు.

రాజుపాలెంలో జరిగింది ఇది. హాస్టల్ వంటగదిలో మూడో వాల్వు కారుతోంది. దాన్ని బాగుచేయడానికి ఖాజా నిచ్చెన మీద ఉన్నాడు. యాభై గజాల అవతల, గోడ వెనక బాయిలరు గది. అక్కడా వరసగా వాల్వులున్నాయి, అక్కడా ఒక మూడోది ఉంది. వంటగది లైనుకి ఆవిరి వదిలేది అదే, అప్పటికి అది మూసి ఉంది. గ్రూపులో వచ్చిన మాట ఇద్దరూ విన్నారు. మన వైపు కుళాయి ఇప్పడమంటే తెరవడం. బోల్టు ఇప్పడమంటే ఊడదీయడం. వాల్వు కుళాయికీ చుట్టమే, బోల్టుకీ చుట్టమే. ఖాజా రెంచి పెట్టి ఊడదీశాడు. సుధీర్ చక్రం తిప్పి తెరిచాడు. ఇద్దరూ యజమాని చెప్పిన పనే చేశారు.

పని జరిగే లైనుకి తాళం వేసి, దాని తాళంచెవి పని చేసేవాడి జేబులో ఉంచడమనే పద్ధతి ఒకటి ఉంది. ప్రేమకుమారి రెండుసార్లు ఎర్ర తాళాలు కొనమని ఇండెంటు రాసి పెట్టింది. "వాల్వులకి తాళాలెందుకమ్మాయ్, దొంగలెత్తుకపోతారా?" అని అమరేశ్వరరావు నవ్వి కొట్టేశాడు.

మధ్యాహ్నం మూడింటికి ఆయన ఆఫీసుకొచ్చాడు. అప్పటికే ఖాజాని మంచి ప్రైవేటు ఆస్పత్రిలో ఏసీ గదిలో చేర్పించాడు. ఆ మెసేజ్ గ్రూపులోంచి తీసేశాడు. ఆ సంగతి అందరూ చూశారు, ఎవరూ ఎత్తలేదు.

"అమ్మాయ్, ఖాజా ఇంట్లో స్నానానికి కాగుతున్న నీళ్ళు మీద పోసుకున్నాడు. వాళ్ళావిడ గుల్జార్‌తో మాట్లాడా. ఖర్చంతా నాది. ఈఎస్ఐ వాళ్ళకి మనం ఏమీ పంపం."

"రాజుపాలెం హాస్టల్లో వందమంది చూశారు సార్."

"వందమందీ వచ్చి రిపోర్టు రాస్తారా? రాసేది నువ్వు." ఆయన గొంతు పెంచలేదు. "ఈ టెండరొస్తే ఇంకో ముప్పైమందికి పని. పోతే ఉన్నోళ్ళలో పదిమందికి ఉండదు. అది కూడా నీ కబుర్ల కాగితంలో రాయి."

ఆయన దుర్మార్గుడని చెప్పి చేతులు కడుక్కోవడం తేలిక. కానీ ఖాజా కూతురు సబాకి నర్సింగ్ సీటు విషయంలో కాలేజీ చుట్టూ తిరిగింది ఈయనే. పనివాడు కష్టంలో ఉంటే జేబులోంచి తీస్తాడు. జేబులోంచి ఇచ్చేది దయ. ఈఎస్ఐ ఇచ్చేది హక్కు. దయకి ఆయన ఎప్పుడూ వెనకాడలేదు, హక్కు దగ్గరే ఆయనకి ఊపిరాడదు.

ప్రేమకుమారికి ఆ రోజు ఇంటికి పోయేదాకా షౌకత్ గుర్తొస్తూనే ఉన్నాడు. ఆరేళ్ళ కిందట మాచర్లలో ఒక హోటలు పనిలో పరంజా మీద నుంచి పడ్డాడు. బండి మీద నుంచి పడ్డాడని రాయమన్నారు, రాసింది. సంతకం అమరేశ్వరరావుది, అక్షరాలు ఆమెవి. కాలు వంకరగా అతుక్కుంది. పని మీద జరిగిందని రాసి ఉంటే బతికినన్నాళ్ళూ నెలనెలా ఏదో ఒకటి వచ్చేది. ఇప్పుడు షౌకత్ బస్టాండులో కర్చీఫులు అమ్ముతాడు. ఆమె కనపడితే "బాగున్నావా అక్కా" అంటాడు. అతనికి ఆ కాగితం సంగతి తెలియదు.

బుధవారం పొద్దున ఆమె బోర్డు ముట్టుకోకుండా నేరుగా ఆస్పత్రికి పోయింది. ఖాజా మోచేతి పైదాకా కట్లతో ఉన్నాడు. గుల్జార్ బేగం మంచం పక్కన స్టూలు మీద కూర్చుని ఉంది.

"డాక్టరేమన్నాడు?"

"వేళ్ళు ముడుచుకోవడం కష్టమేనంట అక్కా. ఆర్నెల్లు చూడాలంట."

ప్రేమకుమారి సుత్తి లేకుండా చెప్పింది. ఇంట్లో కాలిందని రాస్తే మూణ్ణెల్ల చిల్లర కాలం సెలవు డబ్బులొస్తాయి, ఆపైన ఏమీ లేదు. పనిలో కాలిందని రాస్తే చెయ్యి బాగయ్యేదాకా జీతంలో ఎక్కువ భాగం వస్తుంది. చెయ్యి బాగవకపోతే జీవితాంతం నెలనెలా వస్తుంది.

"సార్ చూసుకుంటానన్నాడు గదా," అన్నాడు ఖాజా కళ్ళు తెరవకుండా.

"ఎన్నాళ్ళు చూసుకుంటాడన్నా?"

"ఇరవై ఆరేళ్ళ ఉప్పమ్మా. ఆయన్ని ఆఫీసుల చుట్టూ తిప్పాల్నా నేను?"

"ఉప్పు ఆయన ఊరకే పెట్టలా. నీ జీతంలోంచి నెలనెలా కోసి కట్టింది నేను. అది నీ డబ్బు."

గుల్జార్ ఇద్దరినీ చూసి మెల్లగా అంది. "నిన్న ఏదో రాసిన కాగితం మీద నా ఏలిముద్ర తీసుకున్నారక్కా. ఇంట్లో కాలిందని."

"చదివి వినిపించారా?"

"ఎవురు చదువుతారు? చదివి పెట్టేటోడు ఈడ పడుకోనున్నాడు గదా."

ఖాజా ముఖం గోడవైపు తిప్పుకున్నాడు.

ప్రేమకుమారి ఆఫీసుకి తిరిగొచ్చి కంప్యూటరు తెరిచింది. ప్రమాద నివేదిక ఆన్‌లైనులోనే పంపాలి, కంపెనీ పాస్‌వర్డు ఆమె దగ్గరే ఉంది. కారణం రాయాల్సిన గడి దగ్గర చాలాసేపు ఆగింది. 'ఆపరేటరు పొరపాటు' అని రాస్తే ఒక్క ముక్కలో అయిపోతుంది, సుధీర్ బతుకూ అయిపోతుంది. సుధీర్‌కి ఫోను చేసింది.

"నీ మాట కావాల్రా."

"నా ఉద్యోగం పోద్దక్కా. కేసు పెడితే?"

"నీ తప్పని నేను రాయటంలా. జరిగింది రాస్తన్నా."

"రాసేటప్పుడు నువ్వు రాస్తావు. చదివేటోడు నన్నే చూస్తాడు." ఫోను పెట్టేశాడు.

జరిగింది జరిగినట్టే రాసింది. నోటిమాట ఒకటే వచ్చింది, ఇద్దరికి రెండు అర్థాలు తోచాయి, లైనుకి తాళం లేదు. పంపే ముందు అమరేశ్వరరావుకి ఫోను చేసింది. దొంగచాటుగా చేయడం ఆమెకి చేతకాదు.

"సార్, పంపిస్తన్నా."

అవతల టీవీ మోగుతోంది. దాన్ని ఎవరో కట్టేశారు. "పంపితే ఆ కుర్చీ నీది కాదు."

"సరే సార్," అని, నొక్కింది.

గురువారం ఆమెని గోడౌనులో పైపు మూతలు లెక్కపెట్టే పనిలోకి మార్చారు. ఆఫీసు కుర్చీలో ఎవరో చుట్టాలబ్బాయి కూర్చున్నాడు. పనివాళ్ళు టీ దగ్గర ఆమెకి వినపడేట్టే అన్నారు.

"టెండరు పోయాక అందరం రెంటచింతల పోదాం. ఎండకి బెల్లం కాగబెట్టుకుని బతకొచ్చు."

"ఆమెకేం, మొగుడికి చర్చి జీతముంది."

ఆమె మూతలు లెక్కపెట్టింది. లెక్క తప్పి రెండుసార్లు మొదటికొచ్చింది.

శుక్రవారం పదింటికి ఈఎస్ఐ నుంచి విచారణకి ఒక ఆఫీసరు ఆస్పత్రికొచ్చాడు. నడివయసు మనిషి, చంకలో ఫైలు. మంచానికి అటు అమరేశ్వరరావు, ఇటు గుల్జార్. ప్రేమకుమారినీ పిలిపించారు. సుధీర్ తలుపు దగ్గర నిలబడ్డాడు. అతన్ని ఎవరూ పిలవలేదు.

"రిపోర్టు మా అమ్మాయి పొరపాటున పంపింది సార్," అన్నాడు అమరేశ్వరరావు, వేలిముద్ర కాగితం అందిస్తూ. "ఇది ఇంట్లో జరిగిన సంగతి."

ఆఫీసరు ఆ కాగితం చదివి గుల్జార్ వైపు చూశాడు. "ఇంట్లో ఎక్కడమ్మా జరిగింది?"

గుల్జార్ కొంగు నోటికడ్డం పెట్టుకుంది. ఖాజా వైపు చూసింది. ఖాజా పైకప్పు చూస్తున్నాడు.

"అడిగేది మిమ్మల్నేనమ్మా."

"నేను తిప్పా సార్," అన్నాడు తలుపు దగ్గర్నుంచి సుధీర్. "రాజుపాలెంలో. బాయిలరు కాడ. మూడో వాల్వు ఇప్పమన్నారు, ఇప్పా."

"ఒరేయ్ సుధీరా, నీకెందుకురా," అన్నాడు ఖాజా.

అమరేశ్వరరావు లేచాడు. "అంటే వీడి తప్పేగదా సార్. ఇప్పమంది ఖాజాని, వీణ్ణి కాదు."

ప్రేమకుమారి నోరు తెరవబోయింది. ఆఫీసరు చెయ్యెత్తి ఆపాడు. పనిలోనే జరిగిందని యజమాని నోటి నుంచే వచ్చిన సంగతి అమరేశ్వరరావుకి తప్ప గదిలో అందరికీ అర్థమైంది. ఆఫీసరు కలం మూత తీశాడు.

"నేను దీన్ని ఇంగ్లీషులో రాయాలి. ఇప్పడమంటే ఏం చెయ్యడం?"

"ఊడదీయటం," అన్నాడు ఖాజా.

"తెరవటం," అన్నాడు సుధీర్.

రెండూ ఒకేసారి వచ్చాయి. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మూడు రోజుల నుంచి సుధీర్ మొహం చూడని ఖాజా అప్పుడు చూశాడు.

"నాతోనే ఇంతకాలం పని చేసి, తెరవటమంటావేందిరా?"

"కుళాయి ఇప్పు అంటే ఏం చేస్తావు భాయ్?"

ఖాజా ఆఫీసరు వైపు తిరిగాడు. "పనిలోనే కాలింది సార్. వీడి తప్పు లేదు. ఆయన తప్పు అని కూడా నా నోటితో అనలేను. పనిలో కాలింది. అది రాసుకోండి."

ఆఫీసరు రాసుకున్నాడు. ఆ మాట చెప్పింది ఎవరు, దేని ద్వారా చెప్పారు, లైనుకి తాళం ఎందుకు లేదు అని ఒక్కొక్కటే అడిగాడు. మెసేజ్ తీసేసిన సంగతి సుధీర్ చెప్పాడు. తాళాల ఇండెంట్లు ఏ తేదీన పెట్టిందో ప్రేమకుమారి చెప్పింది. అమరేశ్వరరావు కుర్చీలో కూర్చుని ఫోను చేతిలో తిప్పుతూ ఉండిపోయాడు. అన్నీ అయ్యాక లేచి, "ఇయ్యాళ్టిదాకా బిల్లు నేను కట్టా. రేపట్నించి మీ ఈఎస్ఐనే కట్టమనండి," అని ఖాజా వైపు చూడకుండా వెళ్ళిపోయాడు.

మెట్ల మీద ఆయన చెప్పుల చప్పుడు ఆగింది. గుల్జార్‌కి ఏడుపొచ్చింది. "రేపు ఈ గదికి ఏడనించి తెచ్చేదక్కా?"

"తెచ్చే పని లేదు. ఈఎస్ఐ ఒప్పుకున్న ఆస్పత్రికి మార్పిస్తా ఇయ్యాళ. ఏసీ ఉండదు."

"చెయ్యి ఉంటే చాలు," అంది గుల్జార్.

ఆఫీసరు ఫైల్లోంచి, పనిలో ప్రమాదానికి నింపాల్సిన ఇంగ్లీషు ఫారం ఒకటి తీసిచ్చాడు. ప్రేమకుమారి మంచం చివర కూర్చుని దాన్ని మోకాలి మీద పెట్టుకుంది. గోడౌనుకి ఎవరైనా వచ్చి మళ్ళీ ఆఫీసుకి పిలుస్తారో, లేక శనివారానికి లెక్క తేల్చి పంపేస్తారో ఆమెకి తెలియదు. పేరు రాసింది, కార్డు నంబరు చూడకుండానే రాసింది. ప్రమాదం జరిగిన చోటు అన్న గడి దగ్గర సుధీర్ వంగి చూస్తున్నాడు.

"రాజుపాలెం స్పెల్లింగు చెప్పరా," అంది.