పాలకోవాకు మంచిరోజు

2021, దీపావళి దగ్గర పడిన రోజులు. అప్పుడు నేను తిరుపతిలో ఒక దినపత్రిక రిపోర్టర్‌ని. ఆహార భద్రత చట్టం కింద మిఠాయి అంగళ్లకు కొత్త నిబంధన వచ్చి ఏడాది దాటింది. విడిగా అమ్మే ప్రతి మిఠాయి ముందూ 'బెస్ట్ బిఫోర్' తేదీ, అంటే ఏ రోజులోపు తినాలో, రాసిపెట్టాలి. అమలు ఎలా ఉందో చూద్దామని ఒక మంగళవారం ఫుడ్ సేఫ్టీ ఆఫీసర్ వెంట తిరుచానూరు వెళ్లాను. అంగళ్లు తనిఖీ చేసి, పరీక్షకు నమూనాలు తీసే అధికారిణి ఆమె.

మునిరత్నం అంగట్లో ప్రతి పళ్లెం ముందూ ఒక పలక. పలకకు పసుపు, కుంకుమ. ఆఫీసరు సంతోషం పాలకోవా దగ్గరికి వచ్చేదాకా నిలిచింది.

"ఈరోజు చేసిన కోవా శనివారం దాకా ఉంటుందా?"

"యాడుంటాది మేడం! బేస్తవారం దాటితే పులిసిపోతాది."

"మరి శనివారమని రాశారే?"

"బేస్తవారం అష్టమి, శుక్రవారం నవమి. శనివారం దశమి, బెమ్మాండంగా ఉండాదని అయ్యోరు చెప్పినాడు."

"ఇది కోవా గడువయ్యా, పెళ్లి ముహూర్తం కాదు!"

"గడువు తీరేదానికైనా మంచిరోజు సూడాల గదా మేడం? పండగపూట అష్టమి రాసిపెడితే ఎవురు కొంటారు?"

నాకు నవ్వాగలేదు. ఆమె మాత్రం నోటీసు తీసింది. సాయంత్రానికి పలక మార్చకపోతే కోవా అమ్మకం ఆపేస్తానంది. ఆ అంగడికి పేరూ, పండగ బేరమూ కోవాతోనే. మునిరత్నం సుద్దముక్క పట్టుకున్నాడు గానీ, గురువారమని రాయడానికి చెయ్యి రాలేదు.

పొయ్యి దగ్గర నుంచి అతని భార్య రాజమ్మ కేకేసింది. "గడువుకంటే ముందురోజు రాస్తే తప్పా మేడం?"

"తప్పేం లేదమ్మా. ఆ రోజు దాటాక అమ్మకపోతే చాలు."

"ఇంకేమయ్యా, రేపు సప్తమి. రేపనే రాయి. కోవా కొంచెం కొంచెంగా కాస్తా."

సాయంత్రం మళ్లీ వెళ్లాం. 'రేపటిలోపు తినాలి' అన్న పలక చూసి, ఇంత తాజా సరుకా అని జనం ఎగబడ్డారట. పళ్లెం ఊడ్చినట్టుంది. ఆఫీసరుకు నమూనాకైనా మిగల్లేదు.

"రేపు రాండి మేడం," అన్నాడు మునిరత్నం. "వర్జ్యం పోయినాక."

ఆ తర్వాత ఏ కొత్త నిబంధన గురించి రాసినా, అధికారి చెప్పింది రాసుకుని ఆగలేదు. ఏదో ఒక అంగడికి వెళ్లి అడిగేవాణ్ని: "దీన్ని నువ్వేమనుకున్నావప్పా?"