మా తమ్ముడి గిటార్లు, వీణ పురుగులు

మా తమ్ముడు వసంత్ రాక్ సంగీతకారుడు. ఈ మాట నేను అనడం లేదు, వాడే అనుకుంటాడు. బండి వెనక, చొక్కా మీద, ఫోన్లో, అన్నిచోట్లా రాయించుకున్నాడు. మా ఊరు కామసముద్రంలో వాడి పాట పూర్తిగా విన్న మనిషి మాత్రం నాకింతవరకు తగల్లేదు. మొదలు విన్నవాళ్ళు బోలెడుమంది. మొదలుపెట్టిన కాసేపటికి ఏదో ఒక డబ్బా సరిగ్గా పలకడం లేదని ఆపేసి, నేల మీద బోర్లా పడి వైర్లు పీకి మళ్ళీ పెడుతూ ఉంటాడు. వినడానికొచ్చినవాళ్ళు లేచిపోయి ఆవులకు నీళ్ళు పెట్టుకుంటారు.

వాడి గది చూస్తే సంగీతం అంటే సామాను అనే అనిపిస్తుంది. గోడంతా గిటార్లు. ఒకటి చాలదురా అంటే, ఒక్కోదానికి ఒక్కో గొంతక్కా అన్నాడు. గొంతులన్నీ ఉన్నాయి, పాడేందుకు పాటే లేదు. గిటార్లకు ఆంప్లిఫయర్ కావాలి. చిన్నదుంటే పెద్దది కావాలి. పెద్దది వచ్చాక, లోపల గాజు ట్యూబులుండే రకమైతే శబ్దం వెచ్చగా ఉంటుందని ఎవరో చెప్పారట, అదీ తెప్పించాడు. శబ్దం వెచ్చగా ఉండటమంటే ఏమిటో నాకు తెలియదు. అది ఆన్ చేస్తే గది మాత్రం వెచ్చబడుతుంది. ఆ పైన పెడల్సు. కాలితో తొక్కే చిన్న ఇనుప డబ్బాలు. ఒకటి తొక్కితే గిటారు గరగరలాడుతుంది. ఒకటి తొక్కితే బావిలోంచి వచ్చినట్టుంటుంది. ఇంకొకటి తొక్కితే ఒకసారి మీటింది నాలుగుసార్లు వినబడుతుంది. ఒకసారే సరిగ్గా మీటలేనివాడికి నాలుగుసార్లు దేనికో. ఒక్కో డబ్బాకు ఒక ఎర్ర దీపం. అన్నీ వెలిగిస్తే నేలంతా జాతరలో సీరియల్ లైట్లు వేసినట్టుంటుంది.

తప్పు మీటితే అది వేలి తప్పు కాదు, డబ్బా తప్పు. వెంటనే ఇంకో డబ్బా వస్తుంది. ఆడలేక మద్దెల ఓడన్నారని సామెత. ఆ సామెత పుట్టిన రోజుల్లో పాపం నిందించడానికి మద్దెల ఒక్కటే ఉండేది.

వాడికి బెంగళూరులో ఉద్యోగం. వారంలో సగం రోజులు బంగారుపేటలో రైలెక్కి పోతాడు, మిగతా సగం ఇంట్లోనే కంప్యూటర్ ముందు కూర్చుంటాడు. కేజీఎఫ్ స్నేహితులతో కలిసి బ్యాండు పెట్టాడు. దాని పేరు 'సైనైడ్ సండే'. అక్కడి బంగారు గనులు మూసేనాటికి వీళ్ళంతా పలకలు పట్టుకుని బడికి పోతున్నారు. పాటల్లో మాత్రం ప్రతి ఒక్కడూ భూమి అడుగున ఊపిరాడక చచ్చిపోతూ ఉంటాడు. డ్రమ్ములు కొట్టే సోమశేఖర్ తాత నిజంగా గని దిగినాయన. ఆయన ఒకసారి వీళ్ళ పాట విని, కింద ఇంత గోల ఉండేది కాదు నాయనా అన్నాడట.

ఇంతవరకైతే నాకు వాడి మీద నవ్వే గానీ కోపం లేదు. కోపం వీణ దగ్గర మొదలైంది.

వీణ వాడి భార్య. బైరకూరు పిల్ల, బీకాం చదివింది. మా ఇంట్లో పట్టుపురుగులు మేపుతారు. మా అమ్మ పేరు దొడ్డమ్మ. పురుగుల విషయంలో ఆమె చేతికి చుట్టుపక్కల పెద్ద పేరుండేది. మోకాళ్ళు పట్టేసి ఆమె కూర్చున్నాక ఆ పని వీణ మీద పడింది. పడిందని ఊరుకోలేదు ఆ పిల్ల, ప్రేమగా నేర్చుకుంది. ఆకు ఎంత లేతగా కోయాలో, జ్వరానికి పడుకున్న పురుగును ఎప్పుడు కదిలించకూడదో, అన్నీ. పురుగు కుబుసం విడవడానికి మేత మానేసి పడుకుంటుందే, దాన్నే మావాళ్ళు జ్వరం అంటారు. నాలుగు జ్వరాలు దాటితే గూడు కట్టినట్టే లెక్క.

పురుగుల ఇంటికి ఉన్నన్ని మడులు మా గుడికి కూడా లేవు. చెప్పులు బయటే. కాళ్ళూ చేతులూ కడుక్కుని లోపలికి రావాలి. మొహానికి పౌడరు వద్దు, సెంటు వద్దు, అగరుబత్తి వెలిగించకూడదు, బీడీ తాగినవాడు గడప దాటకూడదు. అన్నిటికంటే ముఖ్యం, దోమల మందు ఏ రూపంలోనూ ఇంట్లో ఉండకూడదు. దోమల్ని చంపేది పురుగుల్నీ చంపుతుంది. పురుగుల పంట ఉన్నన్నాళ్ళూ మేం దోమతెరల్లో పడుకునేవాళ్ళం, కుట్టించుకునేవాళ్ళం. ఇది మా ఊళ్ళో పాలు మరవని పిల్లలకు కూడా తెలుసు. వసంత్ ఆ ఇంట్లోనే పుట్టి పెరిగాడు.

పురుగుల ఇంటి చివర ఆకు కొట్టు ఉంది. కోసిన మల్బరీ ఆకు వాడిపోకుండా తడి గోనెలు కప్పి పెట్టే చల్లటి గది. మందపు గోడలు, చిన్న కిటికీ. వసంత్ ఒకనాడు ఆ గదిలో చప్పట్లు కొట్టి చూసి, స్టూడియోకు ఇంతకంటే మంచి చోటు బెంగళూరులో కూడా దొరకదన్నాడు. వీణ వద్దంది. అమ్మేమో, మగపిల్లోడు అడిగినాడు కదమ్మా అంది. గదిలో సగానికి పైగా ఆంప్లిఫయర్లు వచ్చి కూర్చున్నాయి. ఆకు మూలకు జరిగింది.

కిందటి ఎండల్లో ఒక పంట పోయింది. ఆ ఎండకు ఊళ్ళో అందరి పంటా పోయింది. అందరి ఇళ్ళలో ఎండను తిట్టారు, మా ఇంట్లో మాత్రం వీణ చేతిని తిట్టారు. ఈసారి కూడా పోతే మల్బరీ పీకేసి టొమాటా పెడదామని, పురుగుల ఇల్లు మొత్తం వసంత్ వాయించుకోవడానికి ఇచ్చేద్దామని అమ్మ తేల్చేసింది. వసంత్ అప్పుడే గోడలకు అంటించే స్పాంజి గురించి ఫోన్లో వెతకడం మొదలుపెట్టాడు. ఇంకా బతికున్న మనిషికి పాడె కొలతలు తీసినట్టు. వీణకు మిగిలింది ఆ ఒక్క పంట.

ఆ పిల్ల ఆ పంటను ఎలా సాకిందో నేను చూశాను. నేను బంగారుపేటలో టీచరును, ఆదివారాలు ఊరికి పోతుంటాను. నాలుగో జ్వరం లేచిన రోజు నాకు ఫోన్ చేసి, మాట్లాడకుండా ఫోన్ను తట్టల దగ్గర పెట్టింది. పురుగులన్నీ కలిసి ఆకు నమిలే చప్పుడు. మా తమ్ముడి డబ్బాలన్నీ కలిసినా అంత మంచి శబ్దం రాలేదు. ఇంగ గూడు కట్టేస్తాయి వదినా అంది. ఆ గొంతులో సంతోషం నాకింకా గుర్తుంది.

గూడు కట్టలేదు. రెండు రోజుల్లో పురుగులు తలలెత్తి ఊపుతూ, పచ్చటి రసం కక్కి, ముడుచుకుపోయి చచ్చాయి. తట్టలు తట్టలుగా ఎత్తి గుంటలో పోశారు. చూడటానికొచ్చిన పట్టు శాఖ ఆఫీసరు ఇది రోగం కాదు, మందు సోకింది అన్నాడు. పక్క పొలాల్లో ఎవరూ మందు కొట్టలేదు. ఆకు కొట్టులోకి తొంగిచూసి ఈ దీపాలన్నీ ఏమిటని అడిగాడు. నా మ్యూజిక్ సామాను సార్ అన్నాడు వసంత్. ఆయన తల ఊపి వెళ్ళిపోయాడు.

ఇక అమ్మ వీణను పట్టుకుంది. పౌడరు పూసుకున్నావా, దోమలబత్తి ముట్టించినావా అని. లేదత్తా అని వీణ ఎంత చెప్పినా వినలేదు. మందు దానికదే నడిచి రాదు కదమ్మా అంది. వీధిలో ఆడవాళ్ళు కూడా అదే మాట అందుకున్నారు. చదువుకున్న పిల్ల, మొహానికి ఏదో ఒకటి పూయకుండా ఉంటుందా అన్నారు. వసంత్ గడప దగ్గర నిలబడి అంతా విన్నాడు. ఒక్క మాట మాట్లాడలేదు. ఎవరి పక్కనా చేరని మంచివాడు అనుకున్నాను. దొంగకు తేలు కుట్టిందని నాకేం తెలుసు.

తర్వాత కొన్నాళ్ళకు వాళ్ళ బ్యాండుకు బెంగళూరులో ఒక హోటల్లో ఆదివారం మధ్యాహ్నం వాయించే అవకాశం వచ్చింది. అప్పటికి మల్బరీ ఇంకా పీకలేదు గానీ, వీణ మనుషుల్లోకి రావడం మానేసింది. కాస్త గాలి మారుతుందని నేనే బలవంతంగా తీసుకెళ్ళాను.

రెండు పాటలు ఎప్పటిలాగే సగం వైర్లు సర్దుకోవడంతోనే గడిచాయి. మూడో పాటకు ముందు వసంత్ మైకు దగ్గరికొచ్చి, కళ్ళు మూసుకుని, ఇంగ్లీషులో కథ మొదలుపెట్టాడు. మా ఊళ్ళో పట్టుపురుగులు పెంచుతామన్నాడు. ఆ ప్రాణాలన్నిటినీ చంపింది తనేనన్నాడు. పాట రాసుకుంటుంటే దోమలు కుట్టి ఆలోచన సాగలేదట. దోమల మందు మిషన్ తెచ్చి పెడల్స్ ప్లగ్గులోనే పెట్టుకున్నాడట. పక్కనే తడి గోనెల కింద ఆకు ఉందని మర్చిపోయాడట. మిషన్ ఎర్ర దీపం తన పెడల్స్ దీపాల్లో కలిసిపోయి ఎవరి కంటా పడలేదట. నా భార్య ఏడ్చింది, నేను చూస్తూ నిలబడ్డాను, ఈ పాట ఆ నేరానికి, అన్నాడు.

జనం అయ్యో అన్నారు. ముందు వరసలో ఒక అమ్మాయి కళ్ళు తుడుచుకుంది. పాట అయ్యాక లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. వాడి జీవితంలో అంత పెద్ద చప్పట్లు అదే మొదలు. నా ఒళ్ళు మండిపోయింది. ఇంట్లో నోరు పెగలని వెధవకు ముక్కూమొహం తెలియని జనం ముందు ఎంత ధారాళంగా వచ్చింది మాట. పెళ్ళాం ఏడుపు కూడా వాడికి ఒక పెడల్ అయింది, తొక్కాడు, పలికింది.

వీణ మాత్రం ఏడవలేదు. నా చెవి దగ్గరకొచ్చి అడిగింది, "వదినా, దోమల మందు అన్నాడు కదా? నాకు సరిగ్గానే వినబడిందా?"

సరిగ్గానే వినబడిందన్నాను.

తిరుగు రైల్లో వాడు వెలిగిపోతూ మా ఎదురుగా కూర్చున్నాడు. సౌండు ఎట్లుండెక్కా, ఆఖర్లో ఆ ఎకో వినబడిందా అని నన్ను అడిగాడు. నేను కిటికీ వైపు తిరిగాను. వీణ అడిగింది, ఈ సంగతి అత్తకు ఎప్పుడు చెప్తావని.

"అమ్మకు ఇవన్నీ అర్థం కావు వీణా. అది స్టేజి మీద చెప్పే మాట. ఆడ ఫీలింగే వేరే."

"అత్తకు ఇంగ్లీషు రాదు గానీ, దోమల మందు తెలుసు" అంది వీణ.

నేను ఆ రాత్రి ఊళ్ళోనే ఉండిపోయాను. పొద్దున్నే పాల డెయిరీ దగ్గర ఆడవాళ్ళంతా క్యాన్లతో చేరతారు. అమ్మ కూడా కర్ర పట్టుకుని వచ్చి అరుగు మీద కూర్చుంటుంది. ఊరి సంగతులన్నీ తేలేది అక్కడే. వీణ చేతి మీద తీర్పు చెప్పింది కూడా ఆ అరుగే. ఆ పొద్దున వీణ ఆకు కొట్టులోకి పోయి ట్యూబుల ఆంప్లిఫయర్‌ను రెండు చేతులతో ఎత్తింది. నేను ఇంకో వైపు పట్టుకుని డెయిరీ దాకా నడిచాను. మైకు ఆమె భుజం మీద వేలాడుతోంది. డెయిరీలో పాలలో వెన్న ఎంతుందో చూసే మిషన్ పక్కన ప్లగ్గు ఉంటే అందులో పెట్టింది. అందరూ పాలు పోయడం ఆపి చూశారు.

వసంత్ పళ్ళు తోముకుంటున్నవాడు బ్రష్షుతోనే పరిగెత్తుకొచ్చాడు. పెళ్ళాన్ని ఊరంతా అన్నప్పుడు కదలని కాళ్ళు ఆంప్లిఫయర్ వెనక ఎంత బాగా పరిగెత్తాయో. పడితే ట్యూబులు పగిలిపోతాయని గోలపెట్టాడు. వీణ మైకు వాడి చేతిలో పెట్టింది. అమ్మ వైపు తిరిగి, మీ కొడుకు నిన్న బెంగళూరులో ఒక కథ చెప్పినాడత్తా, బాగుండాది, మీరూ వినల్ల అంది.

వాడు నా వైపు చూశాడు. ఏమైనా అడ్డం పడతానేమోనని. నేను కదల్లేదు. కాళ్ళ దగ్గర తొక్కడానికి ఒక్క డబ్బా కూడా లేదు. మైకును నోటికి దూరంగా పట్టుకుని, నేల చూస్తూ, ఏదో గొణిగాడు.

"ఏమంటాండాడు వాడు? వినబడలే" అంది అమ్మ.

వీణ వంగి, ఆంప్లిఫయర్ మర ఆఖరిదాకా తిప్పింది. అది గుంయ్‌మంది. మైకును వాడి నోటి దగ్గరికి జరిపింది.

"ఇంగొకసారి చెప్పప్పా."

చివరికి, "దోమల మందు పెట్టింది నేనేనమ్మా, ఆకు కొట్టులో," అన్న మాట వీధి చివరి ఇంటిదాకా పోయింది. గోడలు తగిలి అది వెనక్కి కూడా వచ్చింది. పాలు పోసే ఆడవాళ్ళలో ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు.

అమ్మ కొడుకు మొహం చూడలేదు. తప్పయిందని వీణతోనూ అనలేదు, మా అమ్మకు ఆ మాట రాదు. కర్ర ఆనించుకుని లేచి వీణ దగ్గరికి పోయి నిలబడింది.

"మళ్ళా పురుగు ఎప్పుడు తెస్తావమ్మా?"

"ఆకు కొట్టు ఖాళీ చేసిన మర్నాడత్తా" అంది వీణ.