గోధుమ తగిలిన ఇల్లు

2023 మే నెల. చాంద్రాయణగుట్ట ఫ్లైఓవర్‌కు కాస్త అవతల ఒక చిన్న ప్రైవేటు ఆస్పత్రిలో నేను డైటీషియన్‌ని. తెనాలి వైపు నుంచి ఉద్యోగానికని వచ్చి పాతబస్తీలోనే ఉండిపోయినదాన్ని. నా పనంతా ప్రశ్నలడగడమే. నిన్న పొద్దుటి నుంచి ఇవాళ పొద్దుటి దాకా నోట్లో ఏమేం పడిందో గుచ్చి గుచ్చి అడుగుతాను. దీన్ని మా వాళ్ళు ట్వంటీఫోర్ అవర్ రీకాల్ అంటారు. వినడానికి తేలికగానే ఉంటుంది. "ఏమీ తినలేదండీ" అన్న మనిషి చేత నాలుగు చాయ్‌లూ, వాటితో పాటు వెళ్ళిన బిస్కెట్లూ ఒప్పించేసరికి నా తల ప్రాణం తోకకొస్తుంది.

సరిత విషయంలో ఆ బాధ ఎప్పుడూ లేదు. చార్మినార్ దగ్గర తాతల నాటి నుంచి గాజుల దుకాణం ఉన్న కుటుంబానికి పెద్ద కోడలు. ఇల్లు యాకుత్‌పురాలో. ఆమెకు సీలియాక్ అనే జబ్బు ఉంది. గోధుమలో ఉండే గ్లూటెన్ అనే పదార్థం కడుపులోకి వెళితే చాలు, శరీరం తన పేగును తానే దెబ్బతీసుకుంటుంది. దానికి మందంటూ లేదు, గోధుమ మానేయడమే మందు. జబ్బు బయటపడ్డాక ఆమెకు తిండి పద్ధతి నేర్పింది నేనే. నేర్పినదానికన్నా పది రెట్లు నిష్ఠగా పాటించింది. తన పెనం వేరు, తన గిన్నెలు వేరు, రొట్టె జొన్నదే. ఇంగువలో గోధుమపిండి కలుపుతారని చెబితే, ఆ డబ్బా ఆ పూటే బయట పారేసింది.

అలాంటి మనిషి ఆ రోజు వచ్చి కుర్చీలో కూలబడింది. వెంట ఆమె తోడికోడలు లావణ్య, ఇక్కడివాళ్ళ మాటలో యారాలు, సంచి పట్టుకుని వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు. తలుపు దగ్గరే నిలబడింది.

"గోధుమ తగిలింది మేడం," అంది సరిత. "నిరుడు రంజాన్ పండ్గ నాడు తగిలింది. ఇంకా పోతలేదు."

ఆ ఇంట్లో ఆ మాట అలా స్థిరపడిపోయింది. గాలి తగిలింది, దిష్టి తగిలింది అన్నట్టే గోధుమ తగిలింది. తలనొప్పి వచ్చినా, నిద్ర పట్టకపోయినా అదే మాట. తగిలిందంటే తగిలించినవాళ్ళు ఒకరుండాలి కదా. ఆ ఒకరు తలుపు దగ్గర నిలబడి ఉన్నారు.

జరిగింది ఇది. నిరుడు పండగకు పక్కింటి వాళ్ళు షీర్‌ఖుర్మా పంపారు. అది పాలల్లో వండిన సేమియా, అంటే గోధుమే. లావణ్య దాన్ని పిల్లలకు గరిటెతో పోసింది. ఆ గరిటె సరితది. ఆ తర్వాత సరితకు నీరసం మొదలైంది. మొదట గరిటె మీద అనుమానం, తర్వాత లావణ్య చెయ్యి మీద, చివరకు లావణ్య మీద. కొన్ని నెలలుగా ఆ పిల్లను వంటింటి గడప తొక్కనివ్వడం లేదు.

"ఐతారం నాడు ఇంట్ల పెద్దలు కూసుంటున్రు మేడం. పైన వేరే పొయ్యి పెట్టిద్దమా, ఈమెను కొన్ని రోజులు తల్లిగారింటికి తోలుదమా అని. మీరు చూసి యాడికెల్లి తగుల్తుందో చెప్తే లొల్లి ఒడుస్తది."

అంటే నన్ను తీర్పు చెప్పమంటున్నారు. నాకు ఒళ్ళు మండింది. ఏం తింటున్నావో అడిగే ఉద్యోగం నాది, ఎవరిని ఇంట్లోంచి పంపాలో చెప్పేది కాదు. కానీ ఆ మాట పైకి అనలేదు. నేను కాదంటే ఆదివారం నా మాట లేకుండానే కూర్చుంటారు.

రీకాల్ మొదలుపెట్టాను. ఒక్క రోజుది కాదు, వారం మొత్తానిది అడిగాను. అన్నం, పప్పు, జొన్నరొట్టె, ఇంట్లో పట్టించిన కారం. గోధుమ దూరే సందు నాకు ఎక్కడా కనిపించలేదు. మధ్యలో సరిత చీర కొంగు భుజాల చుట్టూ కప్పుకుని, "జర పంకా బంద్ చేస్తరా మేడం, చలైతుంది" అంది.

బయట మే నెల ఎండ. లావణ్య ముఖం నిండా చెమట. నేను ఫ్యాను ఆపి సరితను సరిగ్గా చూశాను. గొంతు బొంగురుపోయింది. చర్మం పొడిబారింది. మణికట్టు మీద గాజులు ఒరుసుకుని ఎర్రటి గీత పడింది.

"గాజులు బిగుతుగా ఉన్నట్టున్నాయే?"

"టూ ఫోర్ ఏసుకుంటుంటి. ఇప్పుడు టూ సిక్స్ గూడ పడ్తలేదు. గోధుమ తగిలి వాపొచ్చింది."

"విరేచనాలవుతున్నాయా, మునుపటిలాగా?"

"లేదు మేడం. అస్సలు అయితనే లేదు. రెండు మూడు రోజులకోపారి, అది గూడ కష్టంగ."

పెన్ను పక్కన పెట్టేశాను. సీలియాక్ బయటపడ్డ రోజుల్లో ఇదే మనిషి విరేచనాలతో చిక్కి శల్యమైంది. గాజులు మోచేతి దాకా జారేవని తనే నవ్వుతూ చెప్పింది. గోధుమ లోపలికి వెళితే ఆమెకు జరిగేది అది. ఇప్పుడు అంతా తలకిందులుగా ఉంది. బరువు పెరిగింది, మలబద్ధకం, చలి, గొంతు మార్పు. రోజంతా దుకాణంలో చేతులకు సైజులు చూసి గాజులు తొడిగే మనిషి, తన చెయ్యి మారితే దాన్నీ గోధుమ ఖాతాలోనే వేసింది.

"సరితా, నాకు థైరాయిడ్ అని అనుమానంగా ఉంది," అన్నాను. మెడ దగ్గరుండే ఆ గ్రంథి మందగిస్తే ఒళ్ళంతా మందగిస్తుందనీ, సీలియాక్ ఉన్నవాళ్ళకు ఇది తోడు రావడం అరుదు కాదనీ, రెండింటిలోనూ శరీరం తన మీద తానే తిరగబడుతుందనీ చెప్పాను.

ఆమెకు సంతోషం కలగలేదు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"ఇంకో బీమారినా మేడం? ఒద్దు. గోధుమ అయితే ఎవరన్న తగిలిస్తే తగుల్తది, జాగర్త పడ్త. ఇదైతే నా ఒంట్లకెల్లే వస్తుందంటిరి. నేనెవరిని అనాలె?"

అంత నిజాయితీగా చెప్పే పేషెంట్లను నేను తక్కువమందినే చూశాను. నాకు జాలేసింది. అయినా లావణ్య వైపు చూసినప్పుడు ఆ జాలి సగం అటు పోయింది.

పరీక్షలు రాసే అధికారం నాది కాదు. నా అనుమానం రాసి మా ఫిజీషియన్ దగ్గరికి పంపాను. ఆయన టీఎస్‌హెచ్ రాశారు. థైరాయిడ్ మందగిస్తే సాధారణంగా ఈ అంకె పైకెక్కుతుంది. దాంతో పాటు టీటీజీ కూడా చేయించమని నేను అడిగాను. గోధుమ తరచుగా లోపలికి వెళుతుంటే మామూలుగా రక్తంలో పెరిగేది అది. థైరాయిడ్ తేలితే సరితకు మందు దొరుకుతుంది. కానీ గోధుమ వెళ్ళడం లేదని తేలితేనే లావణ్య ఆ నిందలోంచి బయటపడుతుంది.

ఆదివారం కన్నా ముందే రిపోర్టులు వచ్చాయి. ఇద్దరితో పాటు అత్తగారినీ రమ్మన్నాను. టీఎస్‌హెచ్ చాలా ఎక్కువగా ఉంది. టీటీజీ మామూలుగా ఉంది.

"అంటే గోధుమ తగల్లేదా?" అంది అత్తగారు.

"ఏడాదిగా తగులుతూ ఉన్నదనడానికి గుర్తేమీ లేదమ్మా. ఈ నీరసం థైరాయిడ్‌ది. ఒకవేళ ఆ రోజు గరిటెకు కాస్త అంటుకుని ఉన్నా, అది ఇన్నాళ్ళు ఇలా పీడించదు."

తలుపు దగ్గర నుంచి లావణ్య మొదటిసారి నోరు విప్పింది. "నా చేతులకెల్లి కాదు కదా మేడం?"

"కాదమ్మా."

ఆమె ఏడవలేదు. చేతిలోని సంచిని సరిత ఒళ్ళో పెట్టి బయటికి నడిచింది. సరిత డాక్టరు రాసిచ్చిన థైరాయిడ్ గోళీల చీటీ చేతిలోకి తీసుకుంది. తర్వాత అడిగింది, "గా గోళీల గోధుమ ఉండదు కదా మేడం?" మందుల కంపెనీ వాళ్ళకు ఫోన్ చేయించి, లేదని తెలుసుకుని చెప్పాను. రోజూ పరగడుపున వేసుకోవాలనీ, పరగడుపు అంటే చాయ్ కూడా తాగకుండా అనీ చెప్పాను.

వానాకాలం ముగిసేసరికి సరిత గొంతు తేటపడింది. ముఖంలో కళ వచ్చింది. ఇంటి సంగతి నేనే అడిగాను. ఆదివారం పెద్దలు కూర్చున్నారట. లావణ్య తప్పేమీ లేదని సరితే అందరి ముందూ చెప్పిందట. అయినా లావణ్య పైన వేరే పొయ్యి కావాలందట.

"ఎందుకు?" అన్నాను.

"రేపు నీకు దగ్గొచ్చినా నా చేతులే అంటవు అక్కా, అన్నది." చీర కొంగును వేలికి చుట్టుకుంది. "పైన పోపు పెడితే కిందికి వాసనొస్తది మేడం. మస్తు చేస్తది కూర. అడిగితే పెడ్తదేమో. అడుగుదమంటే మొకం చెల్తలేదు."

"అడగండి," అన్నాను.

సీలియాక్ ఉన్నవాళ్ళు నీరసమని వస్తే, ఇప్పుడు నేను వంటింటి సోదాకు ముందే థైరాయిడ్ చూడమని డాక్టరుకు రాస్తాను. రిపోర్టు రావడానికి ఎక్కువ కాలం పట్టదు. ఇంట్లో తీర్పు దానికన్నా ముందే వచ్చేస్తుంది, అదే ఇబ్బంది. సరిత టీఎస్‌హెచ్ గోళీతో దిగింది. లావణ్య కిందికి దిగలేదు.