కత్తెర చప్పుడులో ఎక్కాలు

ఆ రోజుల్లో బడుల్లో విద్యా వాలంటీరు అనే ఒక జీవి ఉండేది. పాఠం చెప్పేది కానీ సారు కాదు, నెలకింత ఇచ్చేవారు కానీ దాన్ని జీతం అనకూడదు. జూన్‌లో పుట్టి ఏప్రిల్‌లో పోయేది. అలాంటి జీవినై నేను కరీంనగర్‌లో బస్సెక్కి నిర్మల్ అవతల ఒక పల్లెలో దిగినప్పుడు నా వయసు ఇరవై రెండు, నా ఆత్మవిశ్వాసం వయసు రెండొందలు. అంతకుముందే ఆదిలాబాద్‌లో శిక్షణ పొంది వచ్చాను. ఆటతో పాఠం, పాటతో పాఠం, గుండ్రంగా కూర్చోబెట్టి పాఠం, చెట్టు కింద పాఠం. వెనకబడిన పిల్లలంటూ ఎవరూ ఉండరని అక్కడ ఒకాయన ఉపన్యసిస్తే నేను కొట్టిన చప్పట్లకు హాలు కప్పు మీది పావురాలన్నీ లేచి పోయి మహారాష్ట్రలో వాలాయని చెప్పుకునేవారు. (చెప్పుకున్నది నేనే.)

బడికి నాతో కలిపి ఇద్దరం. రెండోవారు పెద్దసారు. నేను తెచ్చిన పద్ధతుల మూటంతా ఆయన ఓపికగా విని, తనకు ఒకటే పద్ధతి తెలుసని, దాని పేరు గోడకుర్చీ అని చెప్పి, నాలుగో తరగతి నాకు అప్పగించి, మూడో తరగతిలో కునుకు తీయడానికి వెళ్లారు. ఆ నాలుగో తరగతిలో ఉండేది పాదరసం. ఆ పేరు పెట్టింది నేనే. ఆ పిల్లను ఒకచోట కూర్చోబెట్టడమంటే పళ్లెంలో పాదరసం పోసి కదలకుండా నిలబెట్టడమే. కిటికీలో పిట్ట వాలితే కిటికీ దగ్గర, వాకిట్లో మేక అరిస్తే వాకిట్లో, నేను అటు తిరిగి బోర్డు మీద ఒక అక్షరం రాసి ఇటు తిరిగేలోపు మూడు జిల్లాలు తిరిగి వచ్చి కూర్చునేది. చదవమంటే మొదటి వరుసలో మొదలుపెట్టి నాలుగో వరుసలో తేలేది. ఎందుకమ్మా అంటే, కళ్లు నులుముకుంటూ చెప్పింది:

"అచ్చరాలు చీమల లెక్క నడుస్తున్నయ్ సారు. నిలవడుమంటె నిలవడ్తలెవ్వు."

ఇప్పుడైతే అలాంటి పిల్లల ఇబ్బందికి పేర్లున్నాయి, పరీక్షలున్నాయి, కరీంనగర్‌లో బోర్డులు కట్టుకున్న డాక్టర్లున్నారు. మాకు అప్పుడున్న పేరు ఒకటే, మొద్దు. ఆ పిల్ల తండ్రి మస్కట్‌లో తాపీ పని. తల్లి పొద్దున లేస్తే చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుట్టడం. ఆ ఊళ్లో ఆడపిల్లకు చదువు రాదని తేలిన మరునాడే ఒళ్లోకి ఒక చాట వచ్చేది. పాదరసం విషయంలో ఆ తల్లి నాకు ఒక గడువు పెట్టింది. ఏడాది పరీక్షల దాకా చూస్తానని, అప్పటికీ చదవడం రాకపోతే ఇంట్లో కూర్చోబెడతానని, సారును బతిమాలించుకోవడం తనకు ఇష్టం లేదని చాలా మర్యాదగా చెప్పి పంపింది.

ఇక నా మూట విప్పాను. పాటతో మొదలుపెట్టాను. (నా గొంతుకు పక్కింటి గేదె తాడు తెంపుకుంది. దాని యజమాని నెలపాటు నాతో మాట్లాడలేదు.) నేల మీద సుద్దతో అక్షరాలు గీసి గెంతమన్నాను. ఆ పిల్ల గెంతింది, గెంతుతూ గెంతుతూ గేటు దాటిపోయింది, సాయంత్రానికి పొరుగూరి వాళ్లు పట్టి తెచ్చారు. మొదటి బెంచీలో, సరిగ్గా నా ముక్కు కింద కూర్చోబెట్టి గుణింతం మొత్తం చెప్పి, ఏం అర్థమైందమ్మా అని అడిగితే, నా అంగీకి కింది నుంచి రెండో గుండీ వేరే రంగు దారంతో కుట్టి ఉందని చెప్పింది. నిజమే. ఆ దారం రంగు నాకే తెలియదు.

చివరికి ఓడిపోయి, ఒక సాయంత్రం నేనే వాళ్లింటికి వెళ్లాను. అరుగు మీద తల్లి బీడీలు చుడుతూంది. పక్కన పాదరసం తడిబట్టలోంచి ఆకు తీసి, దాని మీద రేకు ముక్క పెట్టి, కొలతకు కత్తెరతో కరకరా కోసి పేరుస్తోంది. నా ఫిర్యాదుకు రుజువు చూపిద్దామని, తల్లి ముందే పిల్లను ఏడెనిమిదులెంత అని అడిగాను. తల ఎత్తలేదు. కత్తెర ఆగలేదు. యాభై ఆరు అంది. నేను నమ్మలేదు. నిన్న చెప్పిన పాఠం ఏమిటన్నాను. మొత్తం చెప్పింది, మధ్యలో నేను దగ్గిన చోటుతో సహా. కత్తెర చేతిలోంచి తీసుకుని మళ్లీ అడిగాను. గోడ మీది బల్లిని చూస్తూ, దానికి తోక ఎందుకు లేదని నన్నే అడిగింది. కత్తెర ఇచ్చాను. ఎనిమిది తొమ్మిదులు డెబ్బై రెండు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ప్రపంచంలో నేనొక్కడినే కనిపెట్టిన మహా రహస్యం నా దిండు కింద ఉన్నట్టుంది. ఆ పిల్ల చేతులు ఊరికే ఉంటే మనసు ఊరంతా తిరుగుతుంది, చేతులకు పని పెడితే చెవులు మన దగ్గర కూర్చుంటాయి. మరునాడే తల్లితో ఒప్పందం చేసుకున్నాను. పిల్ల రోజూ బడికి రావాలి. వచ్చేటప్పుడు ఆకు, రేకు, కత్తెర తెచ్చుకోవచ్చు. బీడీలో నింపే తంబాకు మాత్రం ఇంటి గడప దాటకూడదు. కోసిన ఆకు సాయంత్రానికి ఇల్లు చేరుతుంది. తల్లికి ఇంతకన్నా ఏం కావాలి? పని తెమిలేది, పిల్ల బడిలో ఉండేది. పెద్దసారు ఒక కన్ను తెరిచి చూసి, మీ కొత్త శిక్షణల్లో ఇది కూడా చెప్పారా అని మాత్రం అడిగారు.

మీరు నమ్మండి, నమ్మకపోండి, పాదరసం గడ్డకట్టింది. నేను చదువుతుంటే వింటూ, వింటూ కోస్తూ, ఎక్కాలన్నీ మింగేసింది. చదవడానికి ఇంకో ఉపాయం చేశాను. ఆకుకు పెట్టే రేకునే పుస్తకం మీద పెట్టించి, ఒక వరుస మాత్రమే కనబడేలా చేశాను. చీమలు నడవడం తగ్గిందంది. ఒక్కో మాట కూడబలుక్కుని చదవడం మొదలుపెట్టింది. నేను ఆ వారం కాలరు ఎగరేసుకుని తిరిగిన తీరుకు ఆ కాలరు ఇంకా దిగలేదని మా ఆవిడ ఇప్పటికీ అంటుంది.

నేను లెక్కలోకి తీసుకోనిది ఊళ్లోని మిగతా తల్లులను. సారు బడిలో ఆకు కోయనిస్తున్నాడట అనే వార్త బావుల దగ్గర, పిండిగిర్ని దగ్గర తిరిగింది. ఒక సోమవారం నాలుగో తరగతి తలుపు తీసేసరికి ప్రతి ఒళ్లోనూ ఒక మూట. అవి లేకుండానే శ్రద్ధగా వినే పిల్లలకు కూడా. కాదనబోతే, గా పిల్లకొక తీరు మా పిల్లకొక తీరా అని ఒకామె వాకిట్లో బైఠాయించింది. నా గొంతు కత్తెరల చప్పుడులో కొట్టుకుపోయింది. ఎవరి నానమ్మో రహస్యంగా తంబాకు కూడా పంపింది. పెద్దసారు తుమ్మిన తుమ్ములకు బడిగంట దానంతటదే మోగి, పిల్లలు రెండుసార్లు ఇంటికి పోయి వచ్చారు.

సరిగ్గా అలాంటి ఒక రోజు పాదరసం లేచి నిలబడింది. ఎడమ చేతిలో ఆకు, కుడి చేయి పుస్తకం మీది రేకు మీద. ఎవరూ అడగకుండానే, మొదటిసారి, ఒక వరుస మొత్తం ఆగకుండా చదివింది. రెండో వరుసకు రేకు జరుపుతుండగా గుమ్మంలో మండలం నుంచి తనిఖీకి వచ్చిన సారు నిలబడి ఉన్నారు. ఆయన వరుస వినలేదు. ఆకు చూశారు.

"ఏందయ్య ఇది? బడా, కార్ఖానానా?" అన్నారు.

నేను అభ్యసన వ్యూహం అన్నాను. ధ్యాస అన్నాను. శిక్షణలో నేర్చుకున్న పెద్ద మాటలన్నీ ఆయన బూట్ల ముందు గుమ్మరించాను. ఆయన ఒక్కో మూటా విప్పించి, తంబాకు వాసన చూసి, నావైపు చూశారు. అన్నవన్నీ ఇక్కడ రాయను కానీ, పసిపిల్లల చేతులకు బీడీ ఆకు ఇచ్చినవాడివి నువ్వు పంతులువా అన్నది మాత్రం మరిచిపోలేదు. ఆయన అన్నదాంట్లో ఒక్క మాట తప్పు లేదు. నా బాధల్లా అదే. పెద్దసారు అడ్డం పడి, కుర్రాడు, తెలియదు, ఉద్యోగం తీయకండని చేతులు పట్టుకుంటే నేను మిగిలాను. కత్తెరలు మిగలలేదు.

ఆకు బదులు ఏదైనా ఒకటి అని వెతికాను. బంకమట్టి ఇచ్చాను, చింతగింజలు ఇచ్చాను, నిర్మల్ నుంచి బొమ్మలు చేయగా మిగిలిన తేలిక కర్ర ముక్కలు తెచ్చి రుద్దమన్నాను. కర్ర ముక్క బాగానే పనిచేసింది. కానీ కర్ర ముక్కతో ఇంట్లో పని తెమలదు కదా. వారం తిరక్కుండా పాదరసం రావడం మానేసింది. నేను పరుగెత్తాను. తల్లి నా కోసం పీట వాల్చింది, చాయ్ పెట్టించింది, నేను చెప్పిందంతా విన్నది.

"మీరు చెప్తె ఇంటది సారూ, నాకెర్కనే," అంది. "బడిల ఆకు కోసుకున్నన్ని దినాలు నాకు రెండు దిక్కుల బర్కత్ ఉండె, పనీ అయితుండె, సదువూ అయితుండె. ఇప్పుడు ఒక్క దిక్కే అంటున్రు. నేనొక్కదాన్నే ఎన్నని చుట్టాలె?"

నా మూటలో ఆ పద్ధతి లేదు. అప్పటినుంచి సాయంత్రాలు నేనే వాళ్ల అరుగు మీద కూర్చునేవాణ్ని. వాళ్లు చుడుతుంటే నేను పాఠం చదివేవాణ్ని. పక్కింటి ఆడవాళ్లు కూడా చాటలతో వచ్చి చేరారు. సోషల్ పాఠంలో రాజు ఓడిపోతే ఒకామె పైట కొంగుతో కళ్లు తుడుచుకుంది. పాదరసం వినేది, అడిగిందానికల్లా జవాబు చెప్పేది. కానీ బీడీ చుట్టే చేతికి పుస్తకం పట్టే ఖాళీ ఉండదు. వినడం పెరిగింది, చదవడం ఆ ఒక్క వరుస దగ్గరే ఆగింది. పరీక్షలకు రాలేదు. ఏప్రిల్ వచ్చింది, నా జాతి అంతరించే నెల. చివరి సాయంత్రం తల ఎత్తకుండానే అడిగింది:

"జూన్ల మీరే వస్తరా సారు?"

ఆర్డరొస్తే వస్తానన్నాను. ఆర్డరు వచ్చింది, వేరే మండలానికి.

ఇప్పుడు నేను కరీంనగర్‌లో అసలు సారునే, నెత్తిన వెంట్రుకలు లేవు కానీ జీతం ఉంది. మొన్న మాకొక శిక్షణ పెట్టారు. మా అమ్మాయి వయసున్న మేడమ్ ఒకావిడ అందరి చేతుల్లో మెత్తటి రబ్బరు బంతి ఒకటి పెట్టి, కొందరు పిల్లలకు చేతులు ఆడుతుంటేనే ధ్యాస నిలుస్తుందని, అక్షరాలు కలిసిపోయే పిల్లలకు వరుస మీద అట్టముక్క పెట్టాలని చెప్పింది. పంతుళ్లందరూ బుద్ధిగా రాసుకున్నారు. నేను ఆగగలనా? లేచి నిలబడి మొత్తం చెప్పాను. గేదెను చెప్పాను, గుండీ దారం చెప్పాను, పెద్దసారు తుమ్ములు చెప్పాను, తనిఖీ సారు గొంతు అచ్చంగా దించాను. హాలు పొట్ట పట్టుకుంది. నవ్వులు తగ్గాక ఆ మేడమ్ అడిగింది:

"ఆ పాప ఇప్పుడేం చేస్తున్నది సార్?"

కిందటేడు నిర్మల్ వైపు పెళ్లికి పోయినప్పుడు చూసి వచ్చాను. అదే అరుగు. పక్కన ఫోన్‌లో ఎవరో ఏదో కథ చదువుతుంటే వింటూ, తల ఎత్తకుండా. ఊళ్లో అంత చురుకైన చేయి ఇంకొకటి లేదని పక్కింటామె గర్వంగా చెప్పింది. అదంతా చెబుదామనే నోరు తెరిచాను. పావురాలను మహారాష్ట్ర దాకా పంపగలిగిన నోటికి ఆ పూట రెండే మాటలు దొరికాయి.

"బీడీలు చుడుతది," అన్నాను.

హాలు మళ్లీ గొల్లుమంది. కథకు అదే కొసమెరుపు అనుకున్నారు పాపం. ముందు వరుసలో ఒకాయన చేతిలోని బంతి నవ్వులో జారి కుర్చీల కిందకు దొర్లిపోయింది. ఆ మేడమ్ ఒక్కతే నవ్వలేదు. నేను నవ్వాను. మరి అంత బాగా చెప్పుకొచ్చాను కదా.